పెరటి తోటకు చిన్న రాతిపని

ఇంటి తోటలో పెట్టుకునే చిన్న రాతి వస్తువు అరచేతిలో ఇమిడేంత ఉండొచ్చు, మూరెడు ఎత్తూ ఉండొచ్చు. దీపం పెట్టే గూడు, పిచ్చుకలు నీళ్ళు తాగే తొట్టె, తాబేలు, నాలుగు స్తంభాల మండపం, కుండీలోని మర్రి బోన్సాయ్ పక్కన నిలబెట్టే బావి గట్టు, అన్నీ ఈ కోవలోవే. వీటిని కొనుక్కునేవాళ్ళే ఎక్కువ. కానీ ఉద్యోగ విరమణ చేసినవాళ్ళు రాతిపని మీద సరదా పడితే మొదలుపెట్టవలసింది ఇక్కడే. పెద్ద విగ్రహానికి కావలసిన కండబలం, షెడ్డు, క్రేను దీనికి అక్కర్లేదు. కావలసింది తీరిక. అది పింఛనుతో పాటే వస్తుంది.

చిన్నది కాబట్టి తేలిక అనుకుంటే మాత్రం రాయి ఒప్పుకోదు. మట్టిలో ఎక్కువ తీసేస్తే మళ్ళీ అతికించవచ్చు, చెక్కలో మేకో జిగురో ఆదుకుంటుంది. రాతిలో పోయిన ముక్క పోయినట్టే. పైగా కొలత తగ్గినకొద్దీ రాయి భరించగలిగే నగిషీ కూడా తగ్గిపోతుంది. ఆ చిన్న కొలతలో ఏది వదిలేయాలో తేల్చుకోవడమే సగం పని. ఉలి పట్టడం మిగతా సగం.

పెద్ద కట్టడాన్ని చిన్న రాతిలోకి దించడం మన శిల్పులకు పాత విద్యే. ద్రావిడ పద్ధతిలో కట్టిన గుడి విమానాన్ని నిదానంగా చూస్తే, ప్రతి అంతస్తు అంచునా బుల్లి గుళ్ళు వరసగా కూర్చుని ఉంటాయి. మూలల్లో చదరంగా ఉండేవి కూటాలు, నడుమ పొడుగ్గా ఉండేవి శాలలు. గుడి తన చిన్న రూపాలను తానే మోస్తుందన్నమాట. అనకాపల్లి దగ్గరి శంకరంలో, బొజ్జన్నకొండ పక్కనున్న లింగాలకొండ మీద బౌద్ధులు కొండరాతినే తొలిచి మొక్కుబడి స్తూపాలను బారులు బారులుగా నిలిపారు. అమరావతి మహాస్తూపానికి ఉన్న శిల్పాల పలకలు, కంచెలు వీటికి లేవు. కింద పీఠం, పైన గుండ్రటి అండం, అంతే. అయినా అది స్తూపమని ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్న రాతిపని నేర్చుకునేవాళ్ళకు ఆ కొండను మించిన పాఠ్యపుస్తకం దొరకదు.

తోట కోసమని రాతి వస్తువును ప్రత్యేకంగా తీర్చిదిద్దినవాళ్ళు జపాన్‌వాళ్ళు. బౌద్ధంతో పాటు చైనా, కొరియాల మీదుగా అక్కడికి చేరిన రాతి దీపాలు మొదట గుళ్ళ ముందు వెలిగాయి. 16వ శతాబ్దంలో తేనీటి తోటల్లోకి వచ్చాయి. చీకటి పడ్డాక తేనీటి గదికి నడిచి వచ్చే అతిథికి దారి చూపడం అక్కడ వాటి పని. పీఠం, స్తంభం, గూటిని మోసే పలక, దీపపు గూడు, గొడుగులాంటి కప్పు, శిఖరాన మొగ్గ. వీటిని విడివిడిగా చెక్కి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ఇంగ్లండ్‌లో కథ వేరు. ధాన్యపు కొట్లలోకి ఎలుకలు ఎక్కకుండా, వాటిని పుట్టగొడుగు ఆకారపు రాళ్ళ మీద ఎత్తి నిలిపేవారు. కొట్లు పోయాయి, రాళ్ళు తోటల్లో అలంకారాలయ్యాయి. మన రుబ్బురోళ్ళదీ అదే దారి. వంటింట్లోకి మిక్సీ, గ్రైండరు వచ్చాక రోలు పెరట్లోకి వెళ్ళింది, తిరగలి గుమ్మం పక్కకు చేరింది. కొన్నిటిలో ఇప్పుడు తామరలు పెరుగుతున్నాయి.

ఇక పనిలోకి దిగితే, మొదట తేల్చుకోవలసింది బరువు. ఈ పనికి వాడే రాళ్ళు చాలావరకు ఘనపు సెంటీమీటరుకు దాదాపు 2.7 గ్రాములు తూగుతాయి. 10 సెంటీమీటర్ల ఘనం 2.7 కిలోలు. కొలత రెట్టింపు చేసి 20 సెంటీమీటర్లకు వెళితే బరువు ఎనిమిది రెట్లై 21 కిలోలు దాటుతుంది. 30 సెంటీమీటర్లకు 73 కిలోలు. దాన్ని అటూ ఇటూ తిప్పాలంటే ఇద్దరు కుర్రాళ్ళు కావాలి. చెక్కే రాతిని రోజులో ఎన్నోసార్లు తిప్పాలి, వంచాలి, నిలబెట్టాలి. అరవై దాటిన నడుముకు అయిదారు కిలోలు హద్దుగా పెట్టుకోవడం మంచిది. అంతకంటే పెద్ద వస్తువు కావాలనుకుంటే జపాన్ దీపంలాగా ముక్కలుగా చేసి పేర్చుకోవాలి.

రెండోది రాయి గట్టిదనం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా మోస్ కొలతతో చెబుతారు. టాల్క్ 1, కాల్సైట్ 3, క్వార్ట్జ్ 7, వజ్రం 10. చేతి గోరు రెండున్నర దగ్గర, ఉక్కు మేకు అయిదున్నర దగ్గర ఉంటాయి. గోటితో గీత పడే రాయి రంపానికి, ఆకురాయికి లొంగుతుంది. మేకుతో గీత పడేది ఉలికి లొంగుతుంది. మేకునే అరగదీసే రాయి మొదటి సంవత్సరం దగ్గరకు రానివ్వకూడనిది.

గోటికి లొంగే రాయి తెలుగువాళ్ళకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అదే బలపపు రాయి. ఇవాళ విరమణ వయసులో ఉన్నవాళ్ళలో చాలామంది ఓనమాలు దిద్దింది రెండు రాళ్ళ మధ్యనే: కింద మార్కాపురం పలక, పైన బలపం. టాల్క్ పాలు ఎక్కువ ఉండే ఈ రాయి కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో దొరుకుతుంది. పులుసు కాచుకునే రాచ్చిప్పలు చేసేది కూడా ఈ జాతి రాతితోనే. చెక్క కోసే పాత రంపంతో కోయవచ్చు, గరుకు కాగితంతో నునుపు చేయవచ్చు. కర్ణాటకలోని బేలూరు, హళేబీడు గుళ్ళలో హొయసల శిల్పులు మెడలో హారాల పూసల్ని కూడా విడివిడిగా చెక్కగలిగారంటే, వాళ్ళకు దొరికింది ఇలాంటి మెత్తని రాయి కావడం ఒక కారణం. గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలికి ఆరేకొద్దీ కాస్త గట్టిపడటం దాని స్వభావం. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. బలపపు రాతి పొరల్లో ఒక్కోచోట ఆస్బెస్టాస్ నార కలిసి ఉంటుంది. పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు ఆస్బెస్టాస్ గనులే ఉండేవి. రాతిలో నారలాగా, పట్టుపోగుల్లాగా మెరిసే గీతలు కనిపిస్తే ఆ ముక్కను కోయకుండా పక్కన పెట్టేయడమే తెలివి.

తర్వాతి మెట్టు సున్నపురాయి. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు పల్నాటి సున్నపురాతిలో పుట్టినవి. రెండు వేల ఏళ్ళ నాటి ఆ పలకల మీద ఏనుగు చెవి మడత, గుర్రపు కళ్ళెం ఇప్పటికీ లెక్కపెట్టవచ్చు. పల్నాడు జిల్లా దుర్గిలో ఈనాటికీ శిల్పులు ఉలి పట్టుకునే ఉన్నారు. దుర్గి రాతి శిల్పాలకు, నంద్యాల జిల్లా ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సున్నపురాయి గట్టిదనం 3 చుట్టూ ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. గచ్చు కింద పరిచే కడప, బేతంచెర్ల, తాండూరు బండలు సున్నపురాళ్ళే. బండలు అమ్మేచోట అంచులు విరిగినవి, కోయగా మిగిలినవి ఓ మూల గుట్టగా పడి ఉంటాయి. అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. చేతికొచ్చిన ముక్క సున్నపురాయో కాదో తెలియాలంటే మేకుతో కొంచెం గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్క వేయాలి. సన్నగా బుడగలు లేస్తే సున్నపురాయే.

గ్రానైట్ సంగతి వేరు. గట్టిదనం 6, 7 మధ్య ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, దానిలో పలుకులు పెద్దవి. రెండు మిల్లీమీటర్ల పలుకులున్న రాతిలో ఒక మిల్లీమీటరు గీతను శుభ్రంగా చెక్కడం కుదరదు. ఉలి తగిలితే పలుకు మొత్తంగా ఊడి వస్తుంది. లేపాక్షి నంది ఎనిమిది మీటర్ల పొడవున గ్రానైట్‌లో పరుచుకుని ఉంది కాబట్టి మెడలోని గంటలు, గొలుసులు అంత స్పష్టంగా నిలిచాయి. ఆ నందిని అరచేతికి కుదిస్తే అదే రాతిలో మూపురం, ముట్టె, మడిచిన కాళ్ళు తప్ప మరేమీ మిగలవు. 1213 నాటి రామప్ప గుడిలో మదనికల నగలు అంత సూక్ష్మంగా ఉండటానికి ఆ నల్లరాయి పలుకు సన్నగా ఉండటమే కారణం. సన్నపలుకు అయినా అదీ కఠినమైన రాయే. అలాంటి పని కొత్తవాళ్ళకు అందదు. వంటింటి గట్లకు కోసిన గ్రానైట్ ముక్కలు దొరికితే వాటిని చెక్కడానికి కాక, వస్తువు కింద పీఠంగా వాడుకోవడం మేలు. చీమకుర్తి నుంచి వచ్చే, నల్లని నేల మీద బంగారు చుక్కలుండే గెలాక్సీ రాయి పీఠానికి ఎంతో అందంగా ఉంటుంది. దాన్ని అంతా గ్రానైట్ అంటారు గానీ, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి.

తెచ్చుకున్న ముక్క మంచిదో కాదో తేల్చడానికి శిల్పులకు పాత పద్ధతి ఉంది. నేల మీద ఆనకుండా ఎత్తి పట్టుకుని సుత్తితో మెల్లగా తట్టాలి. ఖంగుమని మోగితే లోపల పగుళ్ళు లేవు. మొద్దుగా, చచ్చుగా పలికితే ఎక్కడో చీలిక ఉంది. శిల్పశాస్త్రాలు రాళ్ళను పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని విడదీసింది కూడా చాలావరకు ఈ నాదాన్ని బట్టే. రెండో పరీక్ష నీళ్ళది. రాయిని తడిపి ఎండలో పెడితే పైభాగం ముందు ఆరుతుంది, పగుళ్ళలో తడి నిలిచి నల్లటి గీతల్లా కనబడుతుంది.

పనిముట్ల కోసం పెద్దగా ఖర్చు పెట్టనక్కర్లేదు. సూదిమొన ఉలి ఒకటి, అంచున పళ్ళున్న ఉలి ఒకటి, చదును ఉలి ఒకటి, అరకిలో లోపు సుత్తి. బరువైన సుత్తితో పని త్వరగా అవుతుందనుకుంటారు, ముందు అలిసిపోయేది మణికట్టు. మెత్తని రాతికయితే గరుకు ఆకురాయి, సన్నటి గుండ్రటి ఆకురాయి, పాత హ్యాక్సా బ్లేడు చాలు. మూలమట్టం, కంపాస్, పెన్సిలు ఎలాగూ కావాలి. రాయిని బల్ల మీద నేరుగా పెట్టకుండా ఇసుక నింపిన గోనెసంచి మీద పెడితే కదలదు, అడుగు అంచులు చిట్లవు. బల్ల ఎత్తు మోచేతి కంటే జానెడు కిందకుంటే నిలబడి పనిచేయవచ్చు. నేల మీద బాసింపట్టు వేసుకుని చెక్కడం శిల్పులకు అలవాటే గానీ, అరిగిన మోకాళ్ళకు అది పెద్ద శిక్ష. వేళ్ళ నొప్పులున్నవాళ్ళు ఉలి పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టుకుంటే పట్టు లావవుతుంది, అదురు తగ్గుతుంది. కరెంటుతో తిరిగే కోత యంత్రం సంగతి ఇక్కడ అనవసరం. పని వేగం పెరిగేది నిజమే. కానీ దుమ్ము, ప్రమాదం అంతకు మించి పెరుగుతాయి. తీరిక కోసం మొదలుపెట్టిన పనికి ఆ తొందర దేనికి?

దుమ్ము గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. గ్రానైట్, ఇసుకరాయి, పలకరాయి వంటివాటిలో క్వార్ట్జ్ ఉంటుంది. ఇసుకరాతిలో అయితే చాలావరకు అదే. దాని పొడిలో కంటికి కనిపించనంత సన్నటి రేణువులు ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్ళి అక్కడే ఉండిపోతాయి. వాటి చుట్టూ మచ్చలు కట్టి ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. ఈ జబ్బు పేరు సిలికోసిస్. ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చాక బయటపడుతుంది, బయటపడ్డాక నయం చేసే మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలకల మీద రాసే పుల్లలు కోసే కార్మికులు ఈ జబ్బుతో చిన్న వయసులోనే ఎలా చనిపోయారో వైద్య పరిశోధకులు నమోదు చేశారు. పెరట్లో రోజుకో గంట చేసే పనిని గని పనితో పోల్చలేం. కానీ వయసు మీద పడిన ఊపిరితిత్తులకు అదనపు భారం ఎందుకు పెట్టాలి?

నివారణ మాత్రం సులువు. రాయిని తడిపి చెక్కాలి, తడిపి రుద్దాలి. పక్కన నీళ్ళ మగ్గు, స్పాంజి ఉంటే దుమ్ము గాల్లోకి లేవకుండా అక్కడికక్కడే బురదవుతుంది. పని బయట చేయాలి, గాలి వీపు వైపు నుంచి వీచేలా కూర్చోవాలి. ఎన్95 మాస్కు ముక్కుకు, చెంపలకు బిగుతుగా ఆనాలి. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి లోపలికి పోతుంది. చేతి రుమాలు కట్టుకోవడం మనశ్శాంతికే తప్ప దుమ్మును ఆపదు. పని అయ్యాక చీపురుతో ఊడ్చకుండా నీళ్ళు చల్లి తుడవాలి. ఆ బట్టలు ఇంట్లోవాళ్ళ బట్టలతో కలపకుండా ఉతకాలి. కళ్ళకు చత్వారం అద్దాలు సరిపోవు, పక్కలు మూసుకునే రక్షణ కళ్ళద్దాలు కావాలి. మధుమేహం ఉన్నవాళ్ళు చెప్పులతో కాక బూట్లతోనే పనికి దిగాలి, కాలి మీద పడ్డ చిన్న రాతి పెచ్చు కూడా మానని పుండుకు దారితీయవచ్చు.

మొదటి వస్తువుగా నీళ్ళ తొట్టెను మించినది లేదు. రూపం సరళం, తప్పు జరిగినా ఎవరికీ కనబడదు, పూర్తయ్యాక పక్షులకు పనికొస్తుంది. 15 సెంటీమీటర్ల చదరం, 8 సెంటీమీటర్ల మందం ఉన్న బలపపు రాయి తీసుకుంటే బరువు అయిదు కిలోల లోపే. పై ముఖాన మూలల నుంచి మూలలకు రెండు గీతలు గీస్తే కేంద్రం దొరుకుతుంది. అక్కడ కంపాస్ గుచ్చి 11 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న వలయం గీయాలి. చుట్టూ రెండు సెంటీమీటర్ల గోడ మిగులుతుంది, అంతకంటే పలచన చేయకూడదు. తవ్వకం నడిమి నుంచి అంచు వైపు సాగాలి. మొదట సూదిమొన ఉలిని ఏటవాలుగా పట్టి, నడిమి గుంటను కొద్దికొద్దిగా వెడల్పు చేస్తూ రావాలి. గీత దగ్గరికి వచ్చాక దిశ మారుతుంది. అప్పటి నుంచి ఉలి దెబ్బ అంచు నుంచి లోపలికే పడాలి. బయటి వైపుకు కొడితే అంచు పెచ్చులుగా లేచిపోతుంది. కొత్తవాళ్ళు పాడుచేసే రాళ్ళలో ఎక్కువ భాగం ఇలా పోయేవే.

గుంట లోతు నాలుగు సెంటీమీటర్లు చాలు. పిచ్చుక లోతు నీళ్ళలోకి దిగదు, ఒక పక్క నుంచి మెల్లగా వాలుగా లోతు పెరిగితే దిగి స్నానం కూడా చేస్తుంది. లోతు సరిగా ఉందో లేదో తెలియడానికి తొట్టె మీద స్కేలు అడ్డంగా పెట్టి, దాని నుంచి పుల్లతో కిందికి కొలవాలి. అడుగున కనీసం మూడు సెంటీమీటర్ల రాయి మిగలాలి. ఆ తర్వాత బయటి మూలలను రంపంతో కోసి ఎనిమిది పలకలుగా చేస్తే, చదరపు దిమ్మ ఒక్కసారిగా తొట్టె రూపంలోకి వస్తుంది. ఎనిమిది పలకలను పదహారు చేసి, అక్కడి నుంచి ఆకురాయితో గుండ్రంగా తేవచ్చు. ఎనిమిది పలకల దగ్గరే ఆగిపోవడం ఇంకా బాగుంటుంది. గుండ్రటి తొట్టెలో చిన్న వంకర కూడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, పలకల తొట్టెలో వెలుగు నీడలు ఒక్కో ముఖం మీద ఒక్కోలా పడి కంటికి ఇంపుగా ఉంటాయి. గరుకు కాగితం 80 నంబరుతో మొదలై 120, 220, 400 వరకూ తడిపి రుద్దాలి. ఒక నంబరు గీతలు పూర్తిగా పోనిదే తర్వాతి దానికి వెళ్ళకూడదు. లోపలి భాగాన్ని మాత్రం ఉలి గుర్తులతోనే గరుగ్గా వదిలేయాలి. నునుపుగా ఉంటే పక్షి కాలు జారుతుంది.

తొట్టె తర్వాత దీపపు గూడుకు వెళ్ళవచ్చు. కొలతలు కుదించడంలోని చిక్కు ఇక్కడే బయటపడుతుంది. రెండు మీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల లావు ఉన్న దీపస్తంభాన్ని లెక్క ప్రకారం పదో వంతుకు దించితే, 20 సెంటీమీటర్ల ఎత్తుకు స్తంభం లావు రెండు సెంటీమీటర్లు. మెత్తని రాతిలో అది కుక్క తోక తగిలినా విరుగుతుంది. కప్పు అంచు అయితే కాగితమంత అవుతుంది. కాబట్టి చిన్న వస్తువు పెద్దదానికి అచ్చమైన నకలు కాకూడదు. స్తంభం పొట్టిగా, లావుగా ఉండాలి. కప్పు అంచు కనీసం వేలి మందం ఉండాలి. పెద్ద దీపానికి నాలుగు వైపులా కిటికీలుంటే, చిన్నదానికి ఎదురెదురుగా రెండే చాలు. ఇటుక గీతలు, పెంకుల వరసలు, తామర రేకులు వదిలేయాలి. అలా పొట్టిగా, బొద్దుగా తయారైన దీపం చూడటానికి హాస్యంగా ఉంటుందనే భయం అక్కర్లేదు. నేల మీద ఉన్న వస్తువును మనిషి పై నుంచి చూస్తాడు, ఆ చూపుకు బొద్దు రూపమే సహజంగా కనిపిస్తుంది.

ముక్కలను కలపడానికి వడ్రంగుల కుసి, బెజ్జం పద్ధతి రాతికీ పనికొస్తుంది. కింది ముక్కలో బెజ్జం, పై ముక్కకు కుసి. కుసి చెక్కడం కష్టమనిపిస్తే రెండు ముక్కల్లోనూ బెజ్జాలు వేసి నడుమ లోహపు కడ్డీ పెట్టాలి. ఆ కడ్డీ ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో కావాలి. మామూలు ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు రాయిని లోపలి నుంచి చీల్చేస్తుంది. పాత కట్టడాల్లో మంచి రాళ్ళు ఇలా చీలిపోయిన చోట్లు చాలా ఉన్నాయి. బరువు చాలినంత ఉంటే అసలేమీ పెట్టకుండా పేర్చినా నిలబడుతుంది, కాకపోతే ఇంట్లో చిన్నపిల్లలుంటే అతికించడమే నయం.

ఉలి, సుత్తి అసలే పట్టలేనివాళ్ళకు రెండు దారులున్నాయి. ఒకటి పలకరాయి. పొరలు పొరలుగా విడిపోయే గుణం దాని బలహీనత, అదే బలం కూడా. సన్న పలకలను చిన్న ముక్కలు చేసి పేరిస్తే మెట్ల కోనేరు, గోడ, ఇంటి కప్పు తయారవుతాయి. తడిపి కోయడం మాత్రం మరవకూడదు. రెండోది రాయి కాదు, రాతికి నకలు. పాత రాతి తొట్లలో కొండమొక్కలు పెంచే సరదా 20వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ముదిరి, తొట్లు దొరకడమే కష్టమైనప్పుడు పుట్టిన హైపర్‌టూఫా ఇది. సిమెంటు ఒక పాలు, ఇసుక ఒక పాలు, పీట్ అనే బురదనేల నాచు రెండు పాళ్ళు కలిపి అచ్చులో పోస్తారు. మనకు పీట్ బదులు కొబ్బరిపీచు పొట్టు సరిపోతుంది. అది సులువుగా, చవకగా దొరుకుతుంది. అచ్చు విప్పాక వెంటనే ఎండలో పెట్టకుండా తడిగోనె కప్పి మూడు నాలుగు వారాలు ఉంచితే గట్టిపడుతుంది. మొక్క నాటేముందు కొన్ని రోజులు నీళ్ళు మార్చి మార్చి నానబెట్టాలి, లేకపోతే సిమెంటు సున్నం వేళ్ళను మాడుస్తుంది. రాతి కంటే తేలిక కావడంతో మిద్దెతోటలకు ఇది బాగా నప్పుతుంది. రాతిపని చేసినవాళ్ళకు మాత్రం దీన్ని తాకితే వచ్చే తృప్తి తక్కువే.

ఏం చెక్కాలన్నది ఎవరి ఇష్టం వారిది. అయినా దేవుడి బొమ్మలతో మొదలుపెట్టకపోవడానికి ఒక కారణం ఉంది. ముక్కో వేలో విరిగిన విగ్రహాన్ని పూజకు పెట్టరు, అలాగని పారేయడానికి మనసొప్పదు. కొత్త చేతిలో ఏదో ఒకటి విరగడం ఖాయం. పైగా ముఖం చెక్కడం అన్నిటికంటే కష్టమైన పని. సంప్రదాయంలో విగ్రహానికి కళ్ళు తెరవడం ఒక ప్రత్యేక క్రతువు. తాబేలు, కప్ప, నత్త వంటివి కొత్తవాళ్ళకు నప్పుతాయి. రాయికి స్వతహాగా ఉండే గుండ్రటి ఆకారానికి దగ్గరగా ఉంటాయి, కాళ్ళు ఒంటికి అంటుకునే ఉంటాయి, సన్నగా బయటికి పొడుచుకువచ్చేదేమీ ఉండదు. తాబేలుకు డిప్ప గీతలు కూడా అక్కర్లేదు, తల బయటికి వచ్చే కోణం సరిగా పడితే చాలు.

నేర్చుకోవడానికి పుస్తకాల కంటే పనిచేసే చేతులను చూడటం ఉపయోగం. ఆళ్ళగడ్డలో, దుర్గిలో, తమిళనాట మహాబలిపురంలో శిల్పుల పని వీధుల పక్కనే సాగుతుంది. ఉలి ఏ వాలున పడుతోంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య చెయ్యి ఎంత విశ్రమిస్తోంది అన్నవి అరపూట నిలబడి చూస్తే వంటబడతాయి. ఊళ్ళో రోళ్ళకు, తిరగళ్ళకు కక్కు కొట్టేవాళ్ళు ఇంకా తిరుగుతుంటే వాళ్ళను పిలిచి ఉలి సాన పట్టించుకోవచ్చు. మొద్దుబారిన ఉలి ఎలా ఉంటుందో, పదునెక్కిన ఉలి ఎలా ఉంటుందో ఆ ఒక్క పూటతో తెలుస్తుంది. రాళ్ళ కోసం పాత గుళ్ళు, బౌద్ధ దిబ్బల చుట్టుపక్కల వెతకడం మాత్రం తగదు. విరిగి పడి ఉన్న ముక్క కూడా రక్షిత కట్టడంలో భాగమే, దాన్ని తీయడం చట్టప్రకారం నేరం.

తయారైన వస్తువును తోటలో ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయం కాదు. మట్టి మీద ఊరికే పెడితే ఎవరో మర్చిపోయి వదిలేసినట్టుంటుంది. అడుగును రెండు మూడు అంగుళాలు మట్టిలో పాతి, చుట్టూ సన్న కంకర పోస్తే అక్కడే పుట్టినట్టుంటుంది. పక్కనుండే మొక్కల ఆకులు చిన్నవి కావాలి. అరిటాకు కింద మండపం బొమ్మలాగే మిగిలిపోతుంది, మరువం, తులసి, జేడ్ వంటి మొక్కల పక్కన దానికి ఎత్తు వస్తుంది. ఉదయం ఏటవాలు ఎండ పడేచోట చెక్కిన గీతలు బాగా తేలతాయి, మిట్టమధ్యాహ్నపు ఎండలో అన్నీ చదునైపోతాయి. జపాన్ తోటల ఫొటోలు చూసి పచ్చటి నాచు కోసం ఆశపడేవాళ్ళుంటారు. మన వేసవికి అది నిలవదు, వానాకాలంలో దానంతట అదే పట్టి, ఎండాకాలంలో రాలిపోతుంది.

బలపపు రాయి మెత్తన కాబట్టి దారికి దూరంగా, చూరు కింద ఉంచడం మంచిది. ఏడాదికోసారి శుభ్రంగా కడిగి ఆరబెట్టి తేనెమైనం పలచగా రుద్దితే రంగు నిండుగా తేలుతుంది. నూనె రాసినా అంతే గానీ, దానికి దుమ్ము అంటుకుంటుంది. సున్నపురాతి వస్తువులను పుల్లటి దేనితోనూ తోమకూడదు. చింతపండు, నిమ్మచెక్క, మరుగుదొడ్డి యాసిడ్ ఏదైనా సరే పైపొరను తినేసి, నెలల తరబడి తెచ్చిన నునుపును నిమిషాల్లో గరుకు చేస్తుంది. మెత్తని బ్రష్షు, మామూలు నీళ్ళు చాలు. పక్షుల తొట్టెలో నీళ్ళు రోజూ మార్చాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి పెద్దదవడానికి వారం పది రోజులు చాలు. పైగా నీళ్ళు పారబోసినా గుడ్లు తొట్టె గోడకు అంటుకుని ఉంటాయి. అందుకని వారానికోసారి లోపలి గోడలను బ్రష్షుతో రుద్ది, ఎండబెట్టి, మళ్ళీ నింపాలి.